పెద్ద కంప్రెసర్ కొనేముందు

వెనక షెడ్డు,
వానలు మొదలైన వారం.

మరిదిగారికి,

ఈ కాగితం ఎందుకు పట్టుకున్నానో ముందు చెప్తాను. మొన్న ఫోన్ చేశాను కదా, నేను చెప్పింది మూడు మాటలు, నువ్వు అన్నది ఎనిమిది "ఆ?"లు. చివరికి "సరే వదినా, ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేశావు. నేను అడిగింది నా ఆరోగ్యం గురించి కాదు నాయనా, కంప్రెసర్ గురించి. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఈ వయసులో తెలిసొచ్చింది. నవ్వుకో, కోపం తెచ్చుకోకు. నీ చెవులు ఇంతగా పోయాయని నిజంగా నాకు తెలియదు. ఫోన్లో వేళ్ళతో గుచ్చి రాయడం నీకూ రాదు, నాకూ రాదు. అందుకని ఇలా.

మీ అన్నయ్య పోయాక షెడ్డు మూసేస్తానని అందరూ అనుకున్నారు. మూయలేదు. ఇరవై ఏళ్ళు ఆయన పక్కన నిలబడి రంగు కలిపినదాన్ని, రంగు కొట్టే గన్ పట్టుకోవడం ఎంతసేపు? పట్టుకున్నాను. కుర్చీలు, బీరువాలు ఏదో నడుస్తోంది. ఇప్పుడు ఒక ఆసుపత్రి వాళ్ళు మంచాల పక్కన పెట్టుకునే లాకర్లు అరవై ఇచ్చారు, అన్నీ తెల్లరంగు. తెలుపు ఏ తప్పునూ దాచదని నీకు తెలుసు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గన్‌కి గాలి ఇవ్వడానికి ఆయన కొన్న చిన్న కంప్రెసర్ ఇరవై నాలుగు లీటర్లది. ఒక లాకరుకి రెండు వైపులు కొట్టేసరికి గాలి ఒత్తిడి ముల్లు కిందికి జారిపోతుంది, గన్ రంగును పొడిపొడిగా ఉమ్ముతుంది. ఆగాలి. ట్యాంకు నిండేదాకా నాలుగైదు నిమిషాలు ఊరికే నిలబడాలి. ఈలోపు వేసిన రంగు అంచు ఆరిపోయి, మళ్ళీ మొదలుపెట్టిన చోట అతుకు గీత పడుతుంది. మొదటి పదింట్లో నాలుగు వెనక్కి పంపారు. పెద్దది కొనక తప్పదు. ఏది కొనాలో, ఎంతది కొనాలో నీకంటే తెలిసినవాళ్ళు నాకెవరున్నారు? ముప్పై ఏళ్ళుగా ఫ్యాక్టరీలో ఆ కంప్రెసర్లతోనే కదా నీ కాపురం.

జవాబు రాయి. రాయకపోతే దుకాణంవాడు అంటగట్టింది తెచ్చుకుంటాను, పాపం నీదే.

నీ వదిన


కంప్రెసర్ గది,
మొదటి షిఫ్టు మధ్యలో.

వదినకు నమస్కారం.

కవరు మీద నీ చేతిరాత చూసి ముందు భయం వేసింది. చదివాక ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఇక్కడ మూడు పెద్ద మెషీన్లు ఒకేసారి తిరుగుతున్నాయి. బల్ల అదురుతోంది, అక్షరాలు వంకరపోతే నా తప్పు కాదు.

పనిలోకి వస్తాను. దుకాణంవాడు "ఎంత ఒత్తిడి ఇస్తుందో చూడండమ్మా" అంటాడు. ఒత్తిడి నీ చిన్నదానికీ ఉంది. నీకు కావలసింది ఒత్తిడి కాదు, గాలి. నిమిషానికి ఎంత గాలి బయటికి ఇస్తుందో అడుగు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన అంకె అది పీల్చుకునే గాలిది, ఇచ్చే గాలి దానిలో మూడింట రెండొంతులు ఉంటే గొప్ప. నీ గన్‌కి సరిపోవాలంటే మూడు హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, బెల్టుతో తిరిగేది, నూట యాభై లీటర్ల ట్యాంకు. అంతకు తగ్గకు.

కానీ తొందరపడకు. దాన్ని షెడ్డులో పెట్టకూడదు, రంగు ఆవిరి ఉన్నచోట మోటారు నిప్పురవ్వ ప్రమాదం. బయట గోడకి ఆనించి, పైన రేకు వేసి పెట్టాలి. మెయిన్ బోర్డు నుంచి మందపాటి వైరు విడిగా లాగించాలి, లేకపోతే అది మొదలైనప్పుడల్లా ఇంట్లో దీపాలు కళ్ళు మూస్తాయి. గాలిలో నీళ్ళు ఉంటాయి, వానాకాలం మరీ ఎక్కువ. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి ఆ నీళ్ళు వదిలెయ్యాలి. అన్నయ్య ఇది రోజూ మరచిపోయేవాడు, రంగు మీద బొబ్బలు వచ్చాక నన్ను తిట్టేవాడు.

ఇప్పుడు నా ప్రశ్నలు. షెడ్డు వెనక గోడకీ ప్రహరీకీ మధ్య ఎన్ని అడుగులు? అక్కడ నేల సిమెంటా, మట్టా? గొట్టం ఎంత పొడవు లాగాలి? కరెంటు మీటరు ఎంతది? నీ గన్ మూతి ఎంత? ఇవి కొలిచి రాసేదాకా ఏదీ కొనకు. ఆలస్యం అయితే అవనీ, మెషీను కొనడం పెళ్ళిలాంటిది, తెచ్చుకున్నాక తిప్పి పంపలేం.

మరిది


ముందు గది, కిటికీ పక్కన,
వానల మధ్యలో.

పెళ్ళి చేసుకోనివాడు పెళ్ళి గురించి చెప్తుంటే భలే ముచ్చటగా ఉంది, మరిదిగారూ. మేము సంబంధాలు చూసినప్పుడల్లా "నాకు కంప్రెసర్‌తో అయిపోయింది" అని తప్పించుకున్నావు. ఇప్పుడు నాకు నీతులు.

కొలిచాను. గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగులు. సిమెంటు నేలే, ఒక మూల పగిలింది. గొట్టం పదిహేను అడుగులు చాలు. గన్ మూతి మీద ఒకటి పాయింటు నాలుగు అని ఉంది. మీటరు సంగతి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అడిగితే సరిపోతుందన్నాడు.

ఒక దుకాణంలో నీలంరంగుది ఒకటి చూశాను. నువ్వు చెప్పినట్టే మూడు హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, నూట యాభై లీటర్లు. ఇచ్చే గాలి ఎంత అని అడిగితే దుకాణంవాడు నా ముఖం చూసి, "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా?" అన్నాడు. "ఉన్నాడు, కంప్రెసర్ గదిలో ఉన్నాడు, ఆయనే అడగమన్నాడు" అన్నాను. అంతే, కాగితాలు తీసి లెక్క చూపించాడు. నీ పేరు చెప్పుకుని బతికేస్తున్నాను. ఏమంటావు, కొననా?

ఇంకొకటి. నా ప్రశ్నలకి జవాబు రాస్తున్నావు కానీ నీ గురించి ఒక్క ముక్క రాయవేం? ఎక్కడ తింటున్నావు? ఆ పాత అద్దె గదిలోనే ఉన్నావా? సాయంత్రం ఎవరితోనైనా మాట్లాడతావా? మీ అన్నయ్య నీకు నెలకోసారి ఫోన్ చేసి అరిచి మాట్లాడేవాడు, వీధి చివరిదాకా వినపడేది. ఆ అరుపు నాకు చేతకాదు.

నీ వదిన


కంప్రెసర్ గది,
మొదటి షిఫ్టు.

వదినా,

ఆ నీలంది వద్దు. నీలంరంగు ట్యాంకుకి లోపల తుప్పు పడితే బయటికి తెలియదు. పైగా కాళ్ళు నాలుగు ఉన్నాయా, మూడా? నాలుగు ఉంటే పగిలిన నేల మీద ఊగుతుంది. దుకాణంవాడు కాగితాలు అంత సులువుగా తీశాడంటే అందులో ఏదో తిరకాసు ఉండే ఉంటుంది. ఇంకో రెండు మూడు చోట్ల చూడు. చూసినవన్నీ నాకు రాయి. పంపు ఇనుముదా, అల్యూమినియందా, చక్రం ఎంత వెడల్పు, నూనె కనిపించే అద్దం ఏ వైపు ఉంది, అన్నీ రాయి. ఒక్కొక్కటి చూద్దాం. నాకు ఇబ్బందేమీ లేదు, భోజనం వేళ రాసుకుంటాను.

నా గది గదిలాగే ఉంది. తిండికి లోటు లేదు.

పాత చిన్న మెషీను పారెయ్యకు. చక్రాలకి గాలి కొట్టుకోవడానికైనా పనికొస్తుంది.

మరిది


వెనక షెడ్డు,
వానలు వెనకబట్టాయి.

మరిదిగారికి,

నీలంది వద్దన్నావు, సరే. కాళ్ళు నాలుగే ఉన్నాయి.

ఇంకో దుకాణంలో ఎర్రది ఉంది. ఐదు హార్స్‌పవర్ అంటున్నాడు. పంపు ఇనుముదే. నూనె అద్దం ఎడమవైపు. చక్రం నా చేత్తో కొలిస్తే జానన్నర. అంత పెద్దది నాకెందుకు అనిపిస్తోంది, నువ్వేమంటావు? చిన్న పటంలా గీసి పంపుతున్నాను, నవ్వకు.

పని బాగా నడుస్తోంది. నిన్న పొద్దున టీ తాగి షెడ్డులోకి వెళ్ళినదాన్ని, పన్నెండు లాకర్లకి పైపూత ఒకే దఫాలో వేసి, ఎక్కడా అతుకు గీత లేకుండా, భోజనం వేళకి బయటికి వచ్చేశాను. ఆసుపత్రి స్టోర్ కీపరు వచ్చి వేలితో తడిమి చూసి, "ఇది చెయ్యా, మెషీనా?" అన్నాడు. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఇంట్లో గోడలు ఉన్నాయి. అందుకని నీకు రాస్తున్నాను.

ఎర్రదాని సంగతి తొందరగా రాయి.

నీ వదిన


కంప్రెసర్ గది.

వదినా,

ఎర్రదాని సంగతి తర్వాత. ముందు ఒక లెక్క చెప్తాను.

ఇరవై నాలుగు లీటర్ల ట్యాంకుతో ఒక లాకరుకి రెండు వైపులు, తర్వాత నాలుగైదు నిమిషాలు ఆగడం. ఇది నువ్వే రాసింది. ఒక లాకరుకి ఐదు వైపులు. పన్నెండు లాకర్లంటే అరవై వైపులు. ముప్పైసార్లు ఆగాలి. ఆగినచోటల్లా గీత పడాలి. నువ్వు ఎక్కడా ఆగలేదంటున్నావు, గీత లేదంటున్నావు. తాతకు దగ్గులు నేర్పకు వదినా. నువ్వు పెద్ద మెషీను కొనేశావు.

ఎప్పుడో కొన్నావు. నా మాట కోసం ఆగలేదు, సరే, పని నీది, ఇల్లు నీది. కొన్నానని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా. చక్రం జానన్నర అని పటాలు గీసి పంపుతావా? నేను ఇక్కడ కూర్చుని స్కేలు పెట్టి ఆ చక్రం కొలుస్తూ, ఐదు హార్స్‌పవర్‌కి వైరు ఎంత మందం కావాలో రెండు రోజులు లెక్క వేశాను. ముసలివాణ్ణి ఆడించడానికి బాగానే ఉంది. పిల్లికి చెలగాటం అంటే ఇదే.

ఇక నీకు నా సలహాతో పని లేదు. సాయంత్రం నీళ్ళు వదలడం మాత్రం మరచిపోకు. సెలవు.

మరిది


వెనక షెడ్డు, బయట అరుగు,
ఎండలు వచ్చాయి.

మరిదీ,

నువ్వు రాసింది నిజం. నీలందే కొన్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన పదో రోజున. నువ్వు రాసినట్టే, ఒక్క అంకె తేడా లేకుండా. ఆసుపత్రివాళ్ళు ఆగరు, నాలుగు లాకర్లు వెనక్కి వచ్చి ఉన్నాయి, నేనెలా ఆగను? నీలంరంగులో తుప్పు తెలియదని నువ్వు రాసిన ఉత్తరం చదువుతున్నప్పుడు అది గోడ అవతల తిరుగుతూనే ఉంది. ఎర్రది లేనే లేదు. ఆ చక్రం మన నీలంది చూసే గీశాను.

కొన్న రోజునే నీకు రాశాను. "కొన్నాను, బాగుంది, నీ పుణ్యం" అని. కవరు అంటించబోతూ ఆగిపోయాను. ఇది చదివి నువ్వు "సంతోషం వదినా" అని ఒక ముక్క రాస్తావు, అక్కడితో అయిపోతుంది అనిపించింది. పధ్నాలుగు నెలలు నీ దగ్గర్నుంచి ఒక్క కబురు లేదు. ఒక్క మెషీను అడిగితే రెండు పేజీలు వచ్చాయి. ఆ కవరు చింపేసి, "నీలంది చూశాను, కొననా" అని రాశాను. ఉత్తరం కోసం అబద్ధమాడాను. ఉన్న మాట అదే.

మీ అన్నయ్య ఉన్నప్పుడు నువ్వు ఆయన తమ్ముడివి. వచ్చేవాడివి, తినేవాడివి, నేను వేళాకోళం చేస్తే చిన్నపిల్లాడిలా ముఖం ముడుచుకునేవాడివి. ఆయన పోయాక నువ్వు నాకేమవుతావో, నేను నీకేమవుతానో నాకు తెలియలేదు. నిన్ను రమ్మనే హక్కు నాకు ఉందో లేదో ఎవరిని అడగను? కంప్రెసర్ గురించి అడిగే హక్కు అయితే ఉందనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, నవ్వితే నవ్వు. పెద్దది వచ్చాక పనిలో ఆగడం లేదు. చిన్నదానితో ఆయన కొట్టేవాడు, నేను ముల్లు చూస్తూ "ఆగు" అనేదాన్ని. ట్యాంకు నిండేదాకా ఆయన బోర్లించిన డబ్బా మీద కూర్చునేవాడు, నేను గుమ్మంలో కూర్చునేదాన్ని. ఇరవై ఏళ్ళలో మేము మాట్లాడుకున్నదంతా ఆ నాలుగైదు నిమిషాల్లోనే. పిల్లలు కలగరని డాక్టరు చెప్పాక ఆ సంగతి మేము మొదటిసారి మాట్లాడుకున్నదీ అక్కడే. మిగతా వేళ ఆయన పనిలో, నేను వంటలో. ఆయన పోయాక ఆ ఆగడమే భరించలేకపోయాను, డబ్బా ఎదురుగా కనిపించేది. అందుకే పెద్దది కావాలనుకున్నాను, లాకర్లు ఒక వంక. ఇప్పుడు పొద్దున మొదలుపెడితే తల ఎత్తకుండా మధ్యాహ్నం దాకా పని అవుతుంది. తల ఎత్తాక చూస్తే రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదని తెలుస్తుంది. పెద్ద మెషీను పనికి సరిపోయింది, నాకు సరిపోలేదు.

సెలవు అన్నావు. నాకు సెలవు అక్కర్లేదు. తిట్టాలనుకుంటే తిట్టు, కానీ రాసి తిట్టు.

నీ వదిన


అద్దె గది, మూడో అంతస్తు.

వదినా,

ఈసారి పైన ఏ చోటు పేరు రాశానో చూశావు కదా. ఇదీ నేను ఉన్న చోటు. కంప్రెసర్ గది లేదు.

తొమ్మిది నెలల కిందట ఫ్యాక్టరీలో మూడు పాత మెషీన్లూ పీకేసి ఒక పెద్దది పెట్టారు. గాజు తలుపుల పెట్టెలో ఉంటుంది, చప్పుడే రాదు. దాని ముల్లు చూడటానికి మనిషి అక్కర్లేదు, ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడికి తెర మీద కనిపిస్తుంది. నాకు చెయ్యి కలిపి, ఒక గోడగడియారం ఇచ్చి పంపేశారు. దాని టిక్కుటిక్కు కూడా నాకు వినపడదు.

నీకు రాసిన ఉత్తరాలన్నీ ఈ మంచం మీద కూర్చుని రాసినవే. బల్ల అదరలేదు, ఇక్కడ బల్లే లేదు. ఉద్యోగం లేదని చెప్తే నా సలహాకి విలువ ఉండదనుకున్నాను. మెషీన్ల దగ్గర లేనివాణ్ణి మెషీను గురించి ఎందుకు అడుగుతావు? గుమ్మడికాయల దొంగలా ప్రతి ఉత్తరం మీదా నేనే భుజాలు తడుముకుని "కంప్రెసర్ గది" అని రాసుకున్నాను.

ఇంకో దొంగతనం కూడా ఉంది. నీలంరంగుకీ తుప్పుకీ ఏ సంబంధమూ లేదు. నాలుగు కాళ్ళలో ఒకదాని కింద చెక్కముక్క పెడితే ఊగనే ఊగదు. నువ్వు రాసింది చూడగానే అది సరైన మెషీనని నాకు తెలిసిపోయింది. సరే కొను అంటే నువ్వు మళ్ళీ రాయవని వంకలు పెట్టాను. ముప్పై ఏళ్ళలో మెషీను మీద అబద్ధం చెప్పడం అదే మొదలు. నిన్ను తిట్టి ఉత్తరం పోస్టులో వేశాక రెండు రోజులు తిండి సహించలేదు, తిట్టుకోవాల్సింది నన్ను నేను.

ఇప్పటికీ పొద్దున ఆరింటికి లేస్తాను. అన్నం డబ్బా సర్దుకుంటాను. బస్సు ఆగే చోటిదాకా నడుస్తాను, బస్సు వెళ్ళిపోయాక తిరిగొస్తాను. డబ్బాలోది ఈ గదిలోనే తింటాను. కింద ఇంటివాళ్ళు మొదట్లో పలకరించేవాళ్ళు, ఇప్పుడు మానేశారు. వాళ్ళ తప్పు కాదు. నేను దేనికైనా తలూపుతాను. కంప్రెసర్ గదిలో మా అందరికీ అదే అలవాటు. ఎవరేమన్నా వినపడదు, తలూపితే ఎదుటివాడు తృప్తిపడి వెళ్ళిపోతాడు. ముప్పై ఏళ్ళు అలా గడిచిపోయింది, ఇంటికొచ్చాక కూడా మెడ ఆగదు.

అన్నయ్య పోయిన మూడో రోజు నేను బయల్దేరేముందు, గుమ్మం దగ్గర నువ్వు నాతో ఏదో అన్నావు. జనం ఉన్నారు, నా చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. నీ ముఖం చూస్తే అది చిన్న మాట కాదని తెలిసింది. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది, అందరిముందు చెవిటివాణ్ణని ఒప్పుకోవాలి కదా. తలూపాను. సంచీ తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత నువ్వు ఫోన్ చేయలేదు, నాకు ధైర్యం చాలలేదు. ఏదో అడిగి ఉంటావు, నేను చేయకుండా వచ్చేసి ఉంటాను, నీకు కోపం వచ్చి ఉంటుంది అనుకుంటూ పధ్నాలుగు నెలలు గడిపాను. ఆ రోజు ఏమన్నావో ఇప్పుడైనా చెప్పు.

మరిది


పక్క గది.

నాయనా,

ఫోన్లో నువ్వు ఎనిమిదిసార్లు "ఆ?" అన్న రోజునే, అప్పుడు గుమ్మం దగ్గర మాట కూడా నీకు వినపడలేదేమోనని నాకు అనుమానం వచ్చింది. అడగడానికి నాకూ ధైర్యం చాలలేదు. నా అనుమానం తప్పయితే, నువ్వు విని కూడా వెళ్ళిపోయావని తేలుతుంది కదా. అది నేను తట్టుకోలేను.

ఆ రోజు గుమ్మం దగ్గర నేనన్నది ఇది. "నువ్వు ఇక ఇక్కడే ఉండిపో, నాకు ఒక్కదానికి భయంగా ఉంది." నువ్వు తలూపావు. నా ప్రాణం కుదుటపడింది. వచ్చినవాళ్ళందరినీ వదిలేసి ఈ గదిలోకి వచ్చాను. రంగు డబ్బాలన్నీ షెడ్డులోకి మార్చి, గది ఊడ్చి, మంచం వాల్చి, ఉతికిన దుప్పటి పరిచాను. కిటికీ తలుపు బిగుసుకుపోయి ఉంటే నేనే లాగి తీశాను. నీకు చూపిద్దామని బయటికొస్తే నీ సంచీ లేదు. ఎవరో చెప్పారు, బస్సెక్కాడని.

మాటిచ్చి పోయావనుకున్నాను. వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు కదా, తలెందుకు ఊపాడు అని నీ మీద చాలా కోపం పెట్టుకున్నాను. నీ గురించి ఎవరైనా అడిగితే "వాడి సంగతి నాకెందుకు" అనేదాన్ని. ఆ కోపం కూడా లేకపోతే ఈ ఇంట్లో నాకు తోడు ఏదీ ఉండేది కాదేమో. నీ ఉత్తరం చదివాక అదీ పోయింది. పొద్దుటి నుంచి ఈ మంచం మీదే కూర్చున్నాను, షెడ్డు తియ్యలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగాను, నీకు చేరలేదు. మళ్ళీ అడుగుతున్నాను. వచ్చి ఈ గదిలో ఉండు. మెషీను చూసిపోవడానికి కాదు, దానికి ఏ జబ్బూ లేదు. నువ్వు ఉండటానికి రా. నీతో మాట్లాడాలంటే పలక మీద రాస్తానో, అరవడం నేర్చుకుంటానో తర్వాత చూద్దాం.

ఈసారి కాగితం మీద అడుగుతున్నాను, చదవలేదని అనలేవు. తలూపితే నాకు కనపడదు. వస్తానో రానో రాసి పంపు.

నీ వదిన